ఆ జీన్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ హెల్త్ పేజీలో కండరాల క్షీణత మీద వచ్చిన వ్యాసం చదివాను, ఒకసారి కాదు మూడు సార్లు చదివాను, ఎందుకంటే మా బాబుకి ఉన్నది అదే, డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, వాడికిప్పుడు 11 ఏళ్ళు. ఈ జబ్బు గురించి తెలుగులో నాలుగు లైన్లు కనపడ్డా కట్ చేసి దాచుకునేదాన్ని నేను, అందుకని రాసినందుకు ముందుగా థాంక్స్ చెప్పాలి. కానీ అందులో రెండు వాక్యాలు చదివాక ఆ రోజంతా నాకు వేరే పని మీద మనసు నిలవలేదు. ఒకటి, "ఇది తల్లుల నుంచి మగపిల్లలకు సంక్రమిస్తుంది" అని. రెండోది, "దీనికి మందు లేదు" అని. రెండూ పూర్తి అబద్ధాలు కావు, అదే అసలు బాధ. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు సరిచేస్తారు, సగం నిజాన్ని మాత్రం అందరూ నమ్మేస్తారు, నమ్మి ఊరుకోరు, ఇంట్లో ఆ తల్లి మొహం మీదే అనేస్తారు.

ముందు ఆ సంక్రమించడం అనే మాట తీసేయండి సార్. జలుబు, క్షయ లాంటివి ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తాయి అని రాస్తాం కదా, అదే మాట ఇక్కడా వాడితే ఇది అంటుకునే జబ్బేమో అనుకునేవాళ్ళు నిజంగానే ఉన్నారు, మా బాబు పక్కన కూర్చోనివ్వకుండా తమ పిల్లాడిని వేరే బెంచీకి మార్పించిన వాళ్ళని నేను చూశాను. ఇది పుట్టుకతో జీన్‌లో ఉన్న తేడా, అంతే, ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు.

ఆ జీన్ పేరు కూడా వ్యాసంలో ఎక్కడా లేదు. దాని పేరు డీఎండీ, జబ్బు పేరులోని మొదటి అక్షరాలే దానికీ పెట్టారు, ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మనిషి జీన్లలో అతి పొడుగైన వాటిలో ఇదొకటి, సుమారు 22 లక్షల అక్షరాలు, డీఎన్ఏ అక్షరాలు అన్నమాట. ఇంత పొడుగున్నా ప్రొటీన్ తయారీకి పనికొచ్చేది అందులో దాదాపు 11 వేల అక్షరాలే, అవి కూడా ఒక చోట ఉండవు, 79 ముక్కలుగా దూర దూరంగా చెదిరి ఉంటాయి, ఆ ముక్కల్నే ఎక్సాన్లు అంటారు. కణం ఈ జీన్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కాపీ తీయాలంటే దాదాపు 16 గంటలు పడుతుంది, తర్వాత మధ్యలో అక్కర్లేనిదంతా కత్తిరించేసి ఆ 79 ముక్కల్ని వరసగా అతికించుకుంటుంది. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, మన ఒంట్లో మనకి తెలీకుండా ఇంత పని జరుగుతోందా అని.

అలా తయారయ్యే ప్రొటీన్ పేరు డిస్ట్రోఫిన్. 3685 అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చిన పొడుగాటి తాడు లాంటిది. కండరంలో ఉన్న మొత్తం ప్రొటీన్‌లో దీని వాటా 0.002 శాతమే, ఆ కాస్త లేకపోతేనే ఒక పిల్లాడు మెట్లెక్కలేడు, లేచి నుంచోలేడు. ఇది ఏం చేస్తుందో మా బాబుకి నేను బావి చేద చెప్పి అర్థమయ్యేలా చేశాను. చేద తాడుకి ఒక కొస మన చేతిలో, రెండో కొసకి బొక్కెన ముడేసి ఉంటాయి కదా. డిస్ట్రోఫిన్ కూడా అంతే, ఒక కొస కండరం కణం లోపల ఆక్టిన్ అనే పోగుల్ని పట్టుకుంటుంది, రెండో కొస దగ్గర కణం పొరలో ఉన్న డిస్ట్రోగ్లైకాన్ అనే ప్రొటీన్‌కి ముడిపడి ఉంటుంది, దాని ద్వారా బయటి అల్లికతో లింకు ఉంటుంది. నడిచినా దూకినా మెట్లు దిగినా కండరం లాగుతూ వదులుతూ ఉన్నప్పుడు ఆ గుంజుడంతా కణం పొర ఒక్కదాని మీదే పడకుండా కాసేది ఈ తాడే. ఇది లేని కండరంలో పొరకి సన్న సన్న చిరుగులు పడతాయి, బయటి నుంచి క్యాల్షియం లోపలికి వచ్చేస్తుంది, లోపలుండాల్సిన ఎంజైములు బయటికి కారిపోతాయి, కణం చచ్చిపోతుంది. చిన్నప్పుడు కొత్త కణాలు పుట్టుకొచ్చి నెట్టుకొస్తాయి, కొన్నేళ్ళకి ఆ బాగుచేసుకునే శక్తి అయిపోయి కండరం ఉండాల్సిన చోట కొవ్వూ నారా చేరతాయి. పిక్కలు లావుగా గట్టిగా కనపడేది అందుకే. మా బాబు పిక్కలు చూసి ఎంతమంది మెచ్చుకున్నారో, పిల్లాడు బలంగా ఉన్నాడు అని, నేనూ మురిసిపోయాను.

అదే పిల్లాడు ఏడాదిన్నరకి గానీ నడవలేదు, నడిచాక ముని వేళ్ళ మీద నడిచేవాడు, ఊరికే పడిపోయేవాడు, నేల మీద నుంచి లేవాలంటే ముందు బోర్లా తిరిగి, చేతులు నేల మీద పెట్టి, తర్వాత తన మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు ఒకదాని మీద ఒకటి ఆనించుకుంటూ ఒంటిని పైకి లేపుకునేవాడు. దీన్ని గోవర్స్ సైన్ అంటారు, విలియం గోవర్స్ అనే డాక్టర్ 1879లోనే వివరంగా రాసిపెట్టారు. ఇన్నేళ్ళ కిందట రాసింది మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, బద్ధకం, గారాబం, పెద్దయితే సర్దుకుంటుంది, ఇవే విన్నాం.

ఇక్కడ జరిగింది చెప్తాను, ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే. మూడేళ్ళప్పుడు ఏదో జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ బాగా ఎక్కువగా వచ్చాయి. ఎస్‌జీపీటీ అనగానే లివర్ అనేశారు, ఒక ఆసుపత్రిలో ఏడాదికి పైగా లివర్ మందులు వాడించారు, స్కానింగులు చేయించారు, నెలనెలా రక్తం తీశారు, ఆఖరికి లివర్ నుంచి ముక్క తీసి పరీక్ష చేద్దాం అనేదాకా వెళ్ళింది. ఈ రెండు ఎంజైములు లివర్‌లోనే కాదు కండరంలో కూడా ఉంటాయి, కండరం చిరిగితే రక్తంలోకి వచ్చేది ఇవే. అదే రిపోర్టులో జీజీటీ అని ఇంకో లైను ఉంటుంది, అది కండరం నుంచి రాదు, మా బాబుకి అది ప్రతిసారీ నార్మల్‌గానే ఉంది, ఏడాది పాటు ప్రతి కాగితం మీదా ఆ నార్మల్ అనే మాట మా కళ్ళ ముందే ఉంది. చివరికి వేరే పిల్లల డాక్టర్ దగ్గరికి ఇంకేదో పని మీద వెళ్తే ఆవిడ వాడు నేల మీద నుంచి లేవడం చూశారు, రెండోసారి కూర్చోబెట్టి లేవమన్నారు, ఏం మాట్లాడకుండా సీపీకే రాశారు, కండరం చిరిగితే రక్తంలో పెరిగే ఇంకో ఎంజైము అది. నార్మల్ అయితే ఒకటి రెండొందల్లో ఉండేది, మా వాడికి 18 వేలు వచ్చింది. ఒక్క ట్యూబు రక్తం సార్, అంతే కావాల్సింది.

అందుకే ఈ జబ్బు మీద మళ్ళీ ఎప్పుడు రాసినా సీపీకే అనే మూడక్షరాల్ని పెద్దగా వేయండి. నడక ఆలస్యమైన, తరచూ పడిపోతున్న, కారణం తెలీకుండా ఎస్‌జీపీటీ పెరిగిన మగపిల్లాడికి లివర్ మందు మొదలెట్టే ముందు సీపీకే చూడాలి. మాకు ఒక్కళ్ళకే ఇలా జరిగిందనుకోకండి, నాకు పరిచయమైన తల్లుల్లో లివర్ దారిలో తిరిగొచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇక తల్లుల నుంచి అన్న మాట దగ్గరికి వస్తాను. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అది అమ్మ నుంచే వస్తుంది, కాబట్టి ఆ జీన్ చెడిపోయి ఉంటే ఆదుకోవడానికి రెండో కాపీ లేదు. ఆడపిల్లకి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఎక్కువ మందికి పైకి ఏమీ కనపడదు, వాళ్ళని క్యారియర్లు అంటారు, క్యారియర్ తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు వచ్చే ఛాన్సు సగం, ప్రతి కూతురికీ క్యారియర్ అయ్యే ఛాన్సు సగం. ఇంతవరకూ అందరూ రాస్తారు. రాయనిది ఏంటంటే, దాదాపు మూడో వంతు పిల్లల్లో తల్లి జీన్ శుభ్రంగా ఉంటుంది, ఆ తేడా కొత్తగా ఆ బిడ్డతోనే మొదలవుతుంది. 22 లక్షల అక్షరాల జీన్ కదా, అంత పొడుగుది తరం తరం కాపీ అవుతుంటే ఎక్కడో ఒక చోట తెగడానికి తావు ఎక్కువ. అది ఏ ఇంట్లోనైనా జరగొచ్చు, ఎవరి తప్పూ లేకుండా జరుగుతుంది, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నది ఎంత నడిచింది ఎక్కడ జారిపడింది అన్నదానికీ దీనికీ ఏ సంబంధం లేదు.

నాకు టెస్ట్ చేస్తే నేను క్యారియర్ అనే తేలింది. మా అమ్మకి చేస్తే లేదు. మా వంశంలో ముందెవరికీ ఈ జబ్బు లేదు. అంటే నేను కడుపులో పడకముందే మా అమ్మానాన్నల్లో ఒకరి కణంలో ఎక్కడో ఆ తేడా వచ్చి నా దగ్గరికి చేరింది, నేను పుట్టేటప్పటికే నాలో ఉంది, దానికి నేనేం చేయగలను, మా అమ్మ మాత్రం ఏం చేయగలదు. అయినా ఆ రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరూ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యాన్ని ఎంత మంది ఇళ్ళల్లో ఎవరెవరి వైపు వేలెత్తి చూపించడానికి వాడుకుంటారో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకో సంగతి, తల్లి రక్తంలో టెస్ట్ నెగెటివ్ వచ్చినా అండాశయంలో కొన్ని కణాల్లో మాత్రం ఆ తేడా ఉండే అవకాశం ఉంటుంది, అందుకే నెగెటివ్ వచ్చిన తల్లి కూడా రెండో కాన్పు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి, అక్కచెల్లెళ్ళు కూడా చేయించుకోవాలి. మా చెల్లెలికి చేయించాం, దానికి లేదు. క్యారియర్లకి ఏమీ కాదు అనేది కూడా పూర్తి నిజం కాదు, గుండె కూడా కండరమే, దానికీ డిస్ట్రోఫిన్ కావాలి, కొంతమంది క్యారియర్ ఆడవాళ్ళలో వయసు పెరిగే కొద్దీ గుండె బలహీనపడుతుంది. నేను నా కోసం ఎకో చేయించుకున్నది బాబుకి జబ్బు తెలిసిన ఆరేళ్ళకి, అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

ఇప్పుడు జీన్‌లో అసలు ఏం పోయింది అన్నది. ఇక్కడే అందరూ తప్పు లెక్క వేస్తారు, ఎంత పెద్ద ముక్క పోతే అంత పెద్ద జబ్బు అని, నేనూ అలాగే అనుకున్నా. మా బాబుకి పోయింది 52వ ఎక్సాన్ ఒక్కటే, 118 అక్షరాలు, 22 లక్షల్లో 118 ఏ లెక్కలోకి వస్తుంది అని ఆ కాగితం పట్టుకుని చాలా రోజులు అడిగాను. కణం ఈ అక్షరాల్ని మూడేసి చొప్పున చదువుతుంది. కమల పలక వెతికి తెచ్చింది, ఈ వాక్యం చూడండి, ప్రతి మాటలో మూడే అక్షరాలు. ఇందులో వెతికి అనే మాట మొత్తం తీసేయండి, కమల పలక తెచ్చింది అని మిగులుతుంది, కాస్త తగ్గినా అర్థం నిలిచింది. అలా కాకుండా పలకలోని ప ఒక్కటే తీసేసి మళ్ళీ మూడేసి చదవండి, కమల లకవె తికితె చ్చింది, ఆ చోటు నుంచి చివరిదాకా అంతా పాడైపోయింది. 118ని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది, ఆ మిగిలిన ఒక్క అక్షరమే మా వాడి డిస్ట్రోఫిన్‌ని మధ్యలో ఆపేసింది. తాడు పై కొస ఉంది గానీ బొక్కెన ముడి వేసే కొస తయారవలేదు, అలాంటి తాడుని కణం ఉంచుకోదు, పారేస్తుంది.

1990లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒకాయన గురించి వచ్చింది, ఆయనకి డిస్ట్రోఫిన్‌లో 46 శాతం లేదు, దాదాపు సగం, అయినా 61 ఏళ్ళ వయసులో నడుస్తూనే ఉన్నాడు. పోయినది మూడు లెక్కకి సరిపోయి పోయింది, రెండు ముడులూ మిగిలాయి, తాడు పొట్టిదైనా నీళ్ళు తోడింది. ఇలా పొట్టి డిస్ట్రోఫిన్‌తో వచ్చే నెమ్మది రకాన్నే బెకర్ మస్క్యులర్ డిస్ట్రఫీ అంటారు. నాకు ఈ సంగతి తెలిసిన రాత్రి ఏడుపొచ్చింది, మా బాబుకి ఇంకా పెద్ద ముక్క పోయుంటే బాగుండేది కదా అనిపించింది, ఒక తల్లికి అలా అనిపించడం ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

ఈ లెక్క మీదే మందులు కూడా వచ్చాయి. 51వ ఎక్సాన్‌లో 233 అక్షరాలు, 118కి 233 కలిపితే 351, మూడుతో నిశ్శేషంగా పోతుంది. అంటే కణం 51ని కూడా వదిలేసి చదివేలా చేస్తే మిగతా వాక్యం సరిగ్గా కుదురుతుంది. ఎక్సాన్ స్కిప్పింగ్ అంటారు, 51 కోసం ఎటెప్లిర్సెన్ అనే మందుకి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది, తర్వాత 53కీ 45కీ కూడా మందులు వచ్చాయి. నిజం చెప్పాలి, దీనితో కండరంలో పెరిగిన డిస్ట్రోఫిన్ చాలా తక్కువ, ట్రయల్‌లో చూసింది సగటున నార్మల్‌లో 1 శాతం లోపే, దీని ఫలితం మీద సైంటిస్టుల్లోనే వాదనలు నడిచాయి. పైగా పిల్లాడికి ఏ ఎక్సాన్ పోయిందో తెలీకపోతే ఏ మందూ లెక్కలోకే రాదు, అందుకే డీఎండీ పాజిటివ్ అన్న ఒక్క మాటతో ఇంటికి పంపించేస్తే ఒప్పుకోకూడదు, ఏ ఎక్సాన్ పోయిందో చూసే ఎంఎల్‌పీఏ టెస్ట్ చేయించి ఎక్సాన్ నంబర్ అడిగి రాయించుకోవాలి, అందులో ఏమీ దొరక్కపోతే జీన్‌ని అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయించాలి.

జీన్ థెరపీ గురించి మీ వ్యాసంలో ధర తప్ప ఇంకేం లేదు. పనిచేసే జీన్‌ని కణాల్లోకి పంపడమే జీన్ థెరపీ, దాన్ని మోసుకెళ్ళే వైరస్‌లో 4700 అక్షరాలకి మించి పట్టవు, మనకి కావాల్సింది 11 వేలు, అందుకని మధ్య తాడు చాలావరకు తీసేసి ముఖ్యమైన ముడులు ఉంచి మైక్రోడిస్ట్రోఫిన్ అని తయారు చేశారు, దాని వెనక ఉన్న ఆలోచనకి ఆ 61 ఏళ్ళ మనిషి ఒక ఆధారం. 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ 2025లో ఆ మందు తీసుకున్న, అప్పటికే నడక పోయిన ఇద్దరు అబ్బాయిలు లివర్ ఫెయిలై చనిపోయారు. ఆశ గురించి రాసినప్పుడు ఇది కూడా రాయాలి, మాలాంటివాళ్ళం ఆశ కోసం ఏదైనా అమ్మేయడానికి సిద్ధంగా ఉంటాం.

అలాగని మందు లేదు అనేయడం ఇంకా పెద్ద తప్పు. ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌తో కండరాల బలం పెరుగుతుందని 1989లోనే పద్ధతిగా ట్రయల్ చేసి చూపించారు, స్టెరాయిడ్లు వాడిన పిల్లలు ఇంకొన్నేళ్ళు ఎక్కువ నడుస్తున్నారు. బరువు పెరుగుతారు, ఎముకలు గుల్లబారతాయి, ఎదుగుదల తగ్గుతుంది, అవన్నీ చూసుకుంటూ వాడాలి. గుండెకి పదేళ్ళ లోపే మందు మొదలుపెట్టడం, ఊపిరి బలం తగ్గాక రాత్రిపూట మాస్క్ వెంటిలేటర్ పెట్టడం, వీటితో ఒకప్పుడు ఇరవై లోపే పోయే పిల్లలు ఇప్పుడు ముప్పై దాకా, ఆ పైన కూడా బతుకుతున్నారు. మా వాడు ఇంట్లో నాలుగు అడుగులు నడుస్తాడు, బయటికి వీల్‌చైర్ మీద వెళ్తాడు. మందు లేదు అని మొదటి రోజే నమ్మేసి ఉంటే మేం స్టెరాయిడ్ మొదలుపెట్టేవాళ్ళం కాదు, ఆ నాలుగు అడుగులు ఎప్పుడో ఆగిపోయేవి.

ఇంకా రెండు విషయాలు, వీటికి చోటు లేదనకండి, ప్రాణం మీదకి వచ్చేవి. స్టెరాయిడ్ని ఎవరో భయపెట్టారని ఉన్నట్టుండి ఆపకూడదు, శరీరం తన సొంత హార్మోన్ తయారీ తగ్గించేసుకుని ఉంటుంది, ప్రమాదం. రెండోది, ఏ ఆపరేషన్‌కైనా, చివరికి పన్ను తీయించడానికైనా, మత్తు డాక్టర్‌కి ముందే డుషెన్ అని చెప్పాలి, సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఈ పిల్లలకి పడితే కండరాల్లోంచి పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండె ఆగిపోవచ్చు, పీల్చే మత్తు గ్యాసులు కూడా వీళ్ళకి మంచివి కావు. మేం ఇది ఒక కార్డు మీద రాసి వాడి స్కూలు బ్యాగులో పెట్టాం.

చదువు సంగతి కూడా. ఇదే జీన్ మధ్యలో వేరే చోట నుంచి మొదలయ్యి చిన్న సైజు డిస్ట్రోఫిన్లు కూడా తయారవుతాయి, మెదడులో, కంటి రెటీనాలో ఉంటాయి, జీన్ రెండో సగంలో ముక్క పోతే ఇవి కూడా దెబ్బ తినొచ్చు. మా బాబుకి మాటలు లేటుగా వచ్చాయి, అక్షరాలు కూడబలుక్కోవడం ఇప్పటికీ కష్టమే, చెప్పింది చెప్పినట్టు గుర్తుండదు. వినడు, మొండి అని టీచర్లు డైరీలో రాసి పంపేవారు, నేను కూడా కొట్టాను. అది మొండితనం కాదు, ప్రొటీన్ లేకపోవడం అని నాకు వాడి ఎనిమిదో ఏట తెలిసింది.

1852లో లండన్‌లో ఎడ్వర్డ్ మెర్యన్ అనే డాక్టర్ ఇలాంటి పిల్లల కండరాన్ని మైక్రోస్కోపులో చూసి పొర చిరిగిపోయి ఉందని రాశారు, ఫ్రాన్స్‌లో గియోమ్ డుషెన్ 1860లలో జబ్బుని పూర్తిగా వర్ణించారు, ఆ చిరిగే పొరకి ఆసరాగా ఉండాల్సినది ఏంటో లూయిస్ కుంకెల్ టీమ్‌కి 1987లో గానీ దొరకలేదు, అంతకు ముందు సంవత్సరమే వాళ్ళు జీన్‌ని పట్టుకున్నారు. ఒక పిల్లాడు ఎందుకు పడిపోతున్నాడు అని అడిగి, సమాధానం కోసం 135 ఏళ్ళు వెతికారు. అంత కష్టపడి తెలుసుకున్న దాన్ని తెలుగులో మాకు రెండు వాక్యాలే ఇవ్వకండి. పుట్టే మగపిల్లల్లో సుమారు 5000 మందికి ఒకరికి ఇది ఉంటుంది, మీ పేపర్ వెళ్ళే ఇళ్ళల్లో ఎక్కడో ఒక చోట ఇవాళ ఒక పిల్లాడు తొడల మీద చేతులు ఆనించుకుని పైకి లేస్తూనే ఉంటాడు, వాళ్ళ అమ్మ చేతిలో ఎస్‌జీపీటీ రిపోర్టు ఉండే ఉంటుంది. ఈ ఉత్తరం మొత్తం వేయలేకపోతే సీపీకే గురించి రాసిన పేరా ఒక్కటి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక డుషెన్ బాబు అమ్మ